417 లేని అంబాసిడర్

ఊర్మిళ చేతిలో ఉన్నది గంటా ఇరవై నిమిషాలు. పన్నెండు కాగానే గ్యాస్ కటర్ వెలిగిస్తానని భన్‌పురిలోని ఆ పాత ఇనుము యార్డు యజమాని ముందే చెప్పేశాడు. అతను వెలిగించాడంటే, మూలన ముందు భాగం నుజ్జయి పడి ఉన్న క్రీమ్ రంగు అంబాసిడర్ ముక్కలై లారీ ఎక్కుతుంది. దానితోపాటే దానయ్య నిర్దోషి అని చెప్పగల ఏకైక సాక్ష్యం కూడా కొలిమిలో కలిసిపోతుంది.

పోయిన నెల ఇరవై ఒకటో తారీఖు ఉదయం తొమ్మిదీ ఇరవైకి, భన్‌పురి దాటాక బిలాస్‌పుర్ రోడ్డు మీద ఆ కారు ఉన్నట్టుండి ఎడమకి లాగేసి సిమెంటు దిమ్మను గుద్దుకుంది. నడుపుతున్న హరీష్ అనే పళ్ల డాక్టరు అక్కడికక్కడే పోయాడు. పాపం, కారు కొని అప్పటికి మూడు రోజులే. అరవై మూడు మోడలు బండి, తుప్పు పట్టిన రేకు ప్రతీదీ కోసి కొత్తది వేయించామని ఫొటోల ఆల్బమ్ చూపించి మరీ అమ్మాడు మోహనకృష్ణ అనే పాతకార్ల వ్యాపారి. రేకుపని చేసిందేమో గుఢియారీలో రైలు పట్టాల పక్కన షెడ్డు పెట్టుకున్న దానయ్య. స్టీరింగ్ బిగించే చోట పుట్టీ కింద తుప్పు దాచేసి మనిషి చావుకి కారణమయ్యాడని పోలీసులు అతని మీద బెయిలు దొరకని సెక్షను పెట్టారు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున దర్యాప్తు చేసిన మురళీమోహన్ కూడా తన రిపోర్టులో అదే రాశాడు. వీటన్నిటినీ మించి, తప్పు నాదేనని దానయ్య స్వయంగా సంతకం పెట్టి కూర్చున్నాడు. ఒప్పుకోలు చేతికొచ్చాక బండితో పనేముందని దాన్ని తుక్కు కింద అమ్మేశారు. సోమవారం, అంటే రేపే, ఆ కాగితాలు కోర్టుకి వెళ్తాయి.

ఇలాంటి కేసు నెత్తికెత్తుకునేది పిచ్చిదైనా అయ్యుండాలి, ఊర్మిళైనా అయ్యుండాలి. పదిహేనేళ్లు ఇన్సూరెన్స్ సర్వేయరుగా గుద్దుకున్న బండ్ల చుట్టూ తిరిగి, పైవాళ్లు రాయమన్నది రాయలేక బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి. దానయ్య భార్య పైడమ్మ మూడు రోజుల కిందట వచ్చి, ఏడవకుండా, బతిమాలకుండా ఒక్కటే మాట అంది. తన మొగుడు ఆ బండిని చూడకుండానే సంతకం పెట్టాడని. ఆ మాట దగ్గరే ఊర్మిళకి చెవులు నిక్కబొడుచుకున్నాయి. లాయరు చేత అర్జీ పెట్టించి, దానయ్య సమక్షంలో బండిని ఒకసారి చూసే అనుమతి తెచ్చేసరికి ఇదిగో ఇంత ఆలస్యమైంది.

పదీ యాభైకి పోలీసు జీపు వచ్చింది. ఏఎస్సై సాహు దిగి, పన్నెండు దాటితే తన పూచీ లేదని హిందీలో తేల్చి చెప్పి, దానయ్యని దింపాడు. అరవై మూడేళ్ల మనిషి. పదకొండు రోజుల కస్టడీతో చొక్కా వదులైపోయింది. శవం ఉన్న ఇంటికి వచ్చినవాడిలా తల వంచుకుని నిలబడ్డాడే తప్ప బండి వైపు కన్నెత్తి చూడలేదు.

ఊర్మిళ సమయం వృథా చేయలేదు. బండి ఎప్పుడు అప్పగించావని అడిగింది. జనవరి ఇరవై, శనివారం సాయంత్రం నాలుగింటికి అన్నాడు. ఏ స్థితిలో అంటే, తుప్పు రాకుండా ఒట్టి రెడ్ ఆక్సైడ్ పూత కొట్టి ఇచ్చానని, పుట్టీ, రంగు మోహనకృష్ణ మనుషులే తమ షెడ్డులో చేసుకుంటారని చెప్పాడు. ఆ తర్వాత బండిని ముట్టుకోలేదు. ఇరవై తొమ్మిదిన రైల్వే ఆసుపత్రిలో కుడికంటికి శుక్లం ఆపరేషనయింది. నెల దాకా వెల్డింగ్ వెలుగు చూడొద్దన్నారు. తారీఖులన్నీ తడుముకోకుండా చెప్పాడు. అసలు ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఊర్మిళే గొంతు తగ్గించింది.

"ఇది నువ్వు చేసిన బండేనని ఎలా చెప్పావు బాబాయ్?"

"ఫొటో సూపించినారమ్మా. క్రీము రంగు బండి. నాను రాసిచ్చిన బిల్లు సూపించినారు. ఇది నీ పనేనా అన్నారు. నాదే అన్నాను."

"చూడకుండానే తప్పు ఒప్పేసుకున్నావా?"

"మా గ్యాంగులో అలగేనమ్మా. మనం బాగుసేసిన వ్యాగను ఇరిగి తిరిగొస్తే ఎదురు మాటాడకూడదు. నంబరు ఎవుడిదైతే తప్పు ఆడిదే."

అదీ సంగతి. దానయ్య ముప్పై నాలుగేళ్లు రైల్వే వ్యాగన్లు బాగుచేసినవాడు. అతనికి పని నేర్పిన మిస్త్రీ ఒక అలవాటు పెట్టాడు. అతుకు వేసిన ప్రతిచోటా, రంగు కొట్టకముందే, అంకెలు చెక్కే ఉలిలాంటి పంచీతో నెల, సంవత్సరం, రైల్వే తనకిచ్చిన టికెట్ నంబరు రేకు మీద కొట్టాలి. తర్వాత ఆ వ్యాగను ఏ ఊళ్లో విరిగినా ఆ నంబరువాడు ముందుకొచ్చి తల వంచాలి. దానయ్య నంబరు 417. రిటైరై కార్ల రేకుపనిలోకి దిగాక కూడా ఆ అలవాటు పోలేదు. పైన పుట్టీ పడితే ఎవరికీ కనబడదు కదా అని పైడమ్మ ఎన్నిసార్లు ఎగతాళి చేసినా మానలేదు. ఆ నిజాయితీయే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. పోలీసులు కొట్టనక్కర్లేదు, తిట్టనక్కర్లేదు, ఒక ఫొటో చూపించారంతే.

ఈ బండికి ఎన్నిచోట్ల కొట్టావని ఊర్మిళ అడిగితే పద్నాలుగని, ఎక్కడెక్కడో వేళ్లు మడిచి లెక్కపెట్టి చెప్పాడు. అన్నీ రాసుకుని, అతన్ని సాహు పక్కన నీడలో కూర్చోబెట్టి, ఆమె బండి దగ్గరికి నడిచింది.

బ్యాగులోంచి చేతి రుమాల్లో చుట్టిన అయస్కాంతం తీసింది. పైకప్పు మీద పెడితే ఠక్కున పట్టుకుంది. వెనక డిక్కీ మీదా పట్టుకుంది. ఎడమ తలుపు కింద అడ్డంగా పోయే పెట్టెలాంటి పట్టీ మీద పెడితే చేతిలోంచి జారి కిందపడింది. మళ్లీ పెట్టింది, మళ్లీ పడింది. అంటే అక్కడ రంగు కింద ఇనుము లేదు. గీకుడు రేకు తీసి అంచు పట్టి లాగితే బొటనవేలంత మందాన పుట్టీ పెచ్చు ఊడొచ్చింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. ఆ కింద ఫైబర్‌గ్లాసు పీచుగుడ్డ అంటించి ఉంది, గుడ్డ వెనక చీకటి కనిపించింది.

సరిగ్గా అప్పుడే, పదకొండూ పదిహేనుకి, వెనకనుంచి చప్పట్లు వినిపించాయి. మురళీమోహన్ వచ్చాడు. ఒకప్పుడు పోలీసు ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు మోవాలో ఏసీ ఆఫీసు, ఆరుగురు మనుషులతో పెద్ద ఏజెన్సీ. వాళ్ల తాత కరీంనగర్ నుంచి ఈ హిందీ రాష్ట్రానికి వచ్చి రెండు తరాలైనా అక్కడి మాట ఇంట్లో చెక్కుచెదరలేదు. తను తేల్చేసిన కేసుని ఇంకొకరు కెలకడం అతనికి ఒళ్లు మంట.

"పుట్టీ కింద తుప్పు దొరికిందా మేడమ్? గదే కద నేన్ రాసింది. నా రిపోర్టుకే సాక్ష్యం తీస్తున్నవ్ నువ్వు."

"మీరు ఈ బండి దగ్గర ఎంతసేపున్నారు మురళీమోహన్‌గారూ?"

"ఉండాల్సినంత సేపు."

"యార్డు రిజిస్టరులో మీరు వచ్చింది ఇరవై నాలుగున మూడూ పదికి, వెళ్లింది మూడున్నరకి. ఇరవై నిమిషాలు. ఒక్క పెచ్చయినా ఊడదీశారా?"

మురళీమోహన్ నల్లకళ్లద్దాలు తీశాడు. నిందితుడే ఒప్పుకున్నాక రేకులు గీకడానికి తనకేమైనా తిక్కనా అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కేసు నిలబడక ఈవిడ బండిని చెక్కుతోందని సాహుకి వినబడేలా అన్నాడు. యార్డు యజమానిని పిలిచి, పన్నెండు దాకా ఆగడం ఎందుకు, ఇప్పుడే కటర్ తెచ్చుకోమని కూడా అన్నాడు. ఊర్మిళ ఒక్కసారిగా లేచి, అనుమతి కాగితం సాహు ముందు పట్టి, పన్నెండుకి ఒక్క నిమిషం ముందు కటర్ వెలిగినా రేపు కోర్టులో ఏఎస్సై పేరే చెప్తానంది. సాహు ఇద్దరి ముఖాలూ చూసి, యజమానిని చేత్తోనే ఆగమన్నాడు. నిజానికి అప్పటికింకా ఆమె దగ్గర ఏ రుజువూ లేదు.

మళ్లీ వంగి ఆ చీకటిలో చేయి పెట్టింది. మెత్తగా ఏదో తగిలింది. లాగితే ఉండలు చుట్టిన కాగితం వచ్చింది. ఖాళీ పెట్టెలో కాగితాలు కుక్కి, దాని మీద పీచుగుడ్డ, గుడ్డ మీద పుట్టీ, పుట్టీ మీద క్రీమ్ రంగు వేశారన్నమాట. ఆమె ఆ ఉండని జీపు బానెట్ మీద పెట్టి, చిరగకుండా మెల్లగా విప్పింది. హిందీ దినపత్రిక మొదటి పేజీ. పై అంచున తారీఖు నిక్షేపంలా ఉంది.

"చదవండి" అంది మురళీమోహన్‌తో.

అతను కాగితాన్ని సాహు వైపు తోశాడు. సాహు వంగి చూసి అన్నాడు, జనవరి ముప్పై ఒకటి అని.

జనవరి ఇరవైన బండి దానయ్య చేయి దాటింది. ముప్పై ఒకటిన అతను కంటికి కట్టుతో ఇంట్లో పడుకుని ఉన్నాడు. ఈ కాగితం కుక్కింది అతను కాదని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. మురళీమోహన్ మాత్రం అంత తేలిగ్గా లొంగే ఘటం కాదు. తర్వాత ఎవరో పైపై పని చేసి ఉండొచ్చు, అది వేరే సంగతి, మనిషిని చంపింది ముందు చక్రం దగ్గరి తుప్పు, అక్కడ రేకు వేసింది మాత్రం ముసలోడే కదా అన్నాడు. మాట బాగానే ఉంది. ఊర్మిళ కూడా అక్కడికే రావాలనుకుంటోంది.

ఆమె నుజ్జయిన ముందు భాగం కింద గోనె పరుచుకుని పడుకుని, టార్చి వేసి, స్టీరింగ్ బిగించే చోట గీకింది. పుట్టీ, దాని కింద నల్ల తారు, దాని కింద తుప్పు. ఉల్లిపొరల్లా ఒకదాని మీద ఒకటి లేచిపోయిన తుప్పు. సుత్తి కొసతో తడితే చిల్లు పడి గుప్పెడు ఎర్ర పొడి ఆమె చెంప మీద రాలింది. 417 లేదు. అసలు నంబరు కొట్టడానికి అక్కడ రేకంటూ ఉంటే కదా.

ఆమె బయటికొచ్చి ఆ పొడినీ, పొరల్నీ మురళీమోహన్ అరచేతిలో పోసింది.

"దానయ్య ఇక్కడ రెండు మిల్లీమీటర్ల కొత్త రేకు వేసి రెడ్ ఆక్సైడ్ కొట్టాడు. మీరే మీ రిపోర్టుకి ఆ బిల్లు జత చేశారు. జనవరి ఇరవై నుంచి ఫిబ్రవరి ఇరవై ఒకటికి ఎన్ని రోజులు?"

అతను లెక్క మొదలుపెట్టేలోపే ఆమే చెప్పింది.

"ముప్పై రెండు. చలికాలం, ఒక్క చుక్క వాన లేదు. ముప్పై రెండు రోజుల్లో కొత్త రేకు ఇలా పొడైపోతుందా? ఇది పాతికేళ్ల తుప్పు. దీన్ని ఎవరూ కోయలేదు, దీని మీద ఎవరూ అతుకు వేయలేదు."

సాహు అనుమతి కోసం చూడకుండానే దానయ్య లేచి వచ్చాడు. మొదటిసారి ఆ బండి వైపు చూశాడు. తలుపు కింద ఊడిన పెచ్చు అంచుని బొటనవేలితో రాశాడు, వాసన చూశాడు, వంగి పెట్టెలోకి తొంగిచూశాడు. నేల మీద కాలు ముడుచుకుని కూర్చుని ముందు చక్రం వైపు చాలాసేపు చూశాడు.

"ఇది నా సెయ్యి కాదమ్మా" అన్నాడు. "ఈ బండి నా షెడ్డుకే రాలేదు."

పదకొండు రోజులుగా ఒక మనిషిని చంపానన్న బరువు మోస్తున్నవాడు అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చేశాడు. ఊర్మిళ బుర్ర మాత్రం అప్పటికే ఇంకో దారి పట్టింది. నిన్న సాయంత్రం ఆమె వెళ్తే మోహనకృష్ణ తన షోరూములో టీ ఇప్పించి, అరవై రెండు ఫొటోల ఆల్బమ్ చూపించి, ఇలాంటి పని ఈ ఊళ్లో ఇంకొకరు చేయించలేరని మురిసిపోయాడు. ఫొటోలు అబద్ధం కావు. దానయ్య షెడ్డు, దానయ్య చేతులు, దానయ్య రేకులు. అబద్ధమల్లా ఆ ఆల్బమ్‌ని ఈ బండికి అంటగట్టడం. ఒక బండిని నిజంగా బాగుచేయించి, ఆ ఫొటోలతో కుళ్లిన బండికి క్రీమ్ రంగు పూసి అమ్మేశాడు.

ఆమె అదే మాట పైకి అనేసి, అదే ఆల్బమ్ చూపించి ఇంకెన్ని బండ్లు అమ్మాడో తేలాలంది. మురళీమోహన్ చేతిలోని తుప్పు కింద పడింది.

"గా ఆల్బమ్‌ల..." అన్నాడు, నీళ్లు నములుతూ. "కింద రేకు మీద పసుపు రాసి బొట్టు పెట్టిన ఫొటో ఉంటదా?"

ఊర్మిళ అతని ముఖంలోకి చూసింది. ఉంది. కొత్త రేకు పరిచిన రోజు పైడమ్మ పెట్టిన బొట్టు అది. మీరెప్పుడు చూశారని అడిగింది.

దర్యాప్తులో అతను ఆ ఆల్బమ్ అడగనే లేదు. రిపోర్టు ఇచ్చిన మర్నాడు మోహనకృష్ణ ఫోను చేసి, అచ్చం అలాంటిదే ఇంకో క్రీమ్ అంబాసిడర్ ఉంది, వేరే మంచి పనివాడి చేత చేయించింది, నీకైతే స్నేహితుడి రేటన్నాడట. అప్పుడు చూపించిన ఆల్బమ్‌లో పసుపు బొట్టు ఉంది. మురళీమోహన్ అది కూతురికి పుట్టినరోజు కానుకగా కొన్నాడు. ఇవాళ పాతకార్ల ర్యాలీ. పదిన్నరకి మోవా నుంచి బిలాస్‌పుర్ రోడ్డు మీదుగా బయలుదేరింది. అతని కూతురు ప్రీతి ఆ బండి నడుపుతోంది.

అతను ఫోను తీశాడు. తెర మీద మోహనకృష్ణ పేరు ఊర్మిళ కంటపడింది.

"ఆయనకి కాదు, ముందు అమ్మాయికి చెయ్యండి!"

అప్పటికే ఆలస్యమైపోయింది. కోపం అతన్ని తండ్రిగా కంటే ముందు ఇన్‌స్పెక్టరుగా అరిపించింది. ఆల్బమ్ సంగతి బయటపడ్డదని, తన బిడ్డకేమన్నా అయితే పాతిపెడతానని ఫోనులో మోహనకృష్ణ మీద విరుచుకుపడ్డాడు. అవతలివాడు ఫోను కట్ చేశాడు. రెండోసారి ప్రీతికి కలిపాడు. పదకొండూ నలభై ఏడు. నాలుగుసార్లు మోగాక ఎత్తింది. అతను స్పీకరు నొక్కాడు, అవతల ఆమె కూడా స్పీకరులో పెట్టే నడుపుతున్నట్టుంది, ఇంజను మోత వినిపిస్తోంది.

"డాడీ, బండి మస్తుంది. స్టీరింగే ఇందాకటి నుంచి లెఫ్ట్‌కి లాగుతుంది. కొద్దిగా కొడుతుంది గూడ."

ఏం చెప్పాలో మురళీమోహన్‌కి తెలియదు. బ్రేకు వేయమనాలా, వద్దనాలా? పాతికేళ్ల సర్వీసులో ఎందరినో ప్రశ్నలతో ముంచినవాడు, మట్టిలో కూర్చున్న దానయ్య వైపు తిరిగి ఫోను చాచాడు.

"నీ కాళ్లు మొక్కుత. నువ్వు చెప్పు."

దానయ్య ఫోను అందుకున్నాడు. చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"తల్లీ, నాను బండి మిస్త్రీని. బయపడకు. బ్రేకు మీద కాలెయ్యకు. ఆక్సిలేటరు మీంచి కాలు మెల్లగా తీసీ. స్టీరింగు ఎటూ తిప్పకు, రెండు సేతుల్తో బిగించి పట్టు అంతే. ముందు లారీ ఏదన్నా ఉందా?"

లేదంది. ముందు మోహనకృష్ణ అంకుల్ బండి ఒక్కటే ఉందట. ఇప్పుడామె గొంతులోనూ భయం వచ్చేసింది. దానయ్య ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు. బండి దానంతటదే నెమ్మదించనీ. ఇంకా నెమ్మదించనీ. ఇప్పుడు హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగు, టక్కుటక్కుమని ఒక్కో పన్నూ, ఒక్కో పన్నూ. అవతల ఏదో కరకర చప్పుడు, ఫట్‌మని ఏదో విరిగిన చప్పుడు, ప్రీతి కేక. మురళీమోహన్ జీపుని పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఇంజను మోత ఆగిపోయింది.

"ఆగిందండీ" అంది ప్రీతి, ఏడుస్తూ. "చక్రం పక్కకి ఒరిగిపోయింది. మట్టిలో ఆగింది. నాకేం కాలే."

ఊర్మిళ ఫోను అందుకుని, ముందున్న మోహనకృష్ణ ఆగాడా అని అడిగింది.

"ఆగిండ్రు మేడమ్. అంకుల్‌ది గూడ ఇదే మోడల్, ఇదే కలర్, కానీ మంచిగ పోతుంటది. బండి దిగలే. నన్ను చూసిండ్రు..." ప్రీతి గొంతు ఆగింది. "వెళ్లిపోతున్నరు. బిలాస్‌పుర్ దిక్కే. చాలా స్పీడుగ పోతున్నరు."

నిజంగా బాగుచేసిన బండి ఎక్కడుందో ఊర్మిళకి ఇప్పుడు తెలిసింది. దాన్ని ఎవరికీ అమ్మలేదు, తనకే ఉంచుకున్నాడు. దానయ్యని రేపు కోర్టులో పూర్తిగా కడిగేయగల పద్నాలుగు గుర్తులు దాని మీదే ఉన్నాయి. అది ఏ చెరువులోనో, ఏ కొలిమిలోనో పడితే, పని చేయకుండానే బిల్లు రాశాడంటారు, దానికి తోడు పోలీసుల దగ్గర ఆ సంతకం ఉండనే ఉంది. కటర్ ముట్టుకోవద్దని యార్డు యజమానికి అరిచి చెప్పి, సాహు పరుగున జీపు ఎక్కి వైర్‌లెస్ అందుకున్నాడు. గంటలోపు రాష్ట్రంలో ఏ మూలకైనా మలుపు తిరిగిపోవచ్చని ఆ రోడ్డు తెలిసిన అందరికీ తెలుసు.

మురళీమోహన్ దానయ్య వైపు తిరిగి అడిగాడు, గంత స్పీడుల పోతే అది గూడ ఎక్కడన్న విరిగి ఆగిపోదా అని.

దానయ్య ఊర్మిళ దగ్గర ఫోను తీసుకుని అతని చేతిలో జాగ్రత్తగా పెట్టాడు.

"ఇరగదు బావూ" అన్నాడు. "అది నాను సేసిన బండి. పెట్రోలున్నంత దూరం పోద్ది."